గడ్డి రన్‌వే మీద చిన్న విమానం దించడం: ముందు నేలను చదవాలి

డల్లాస్ నుంచి ఉత్తరానికో తూర్పుకో గంటసేపు కారులో వెళ్తే, టెక్సాస్ పల్లెల్లో పొలాల మధ్య గడ్డి రన్‌వేలు కనిపిస్తాయి. కొన్ని రైతుల సొంతం, కొన్ని పంటలకు మందు చల్లే విమానాలవారివి, మరికొన్ని ఇంటి వెనకాలే విమానం ఉంచుకోవాలన్న సరదాతో ఎవరో చదును చేయించుకున్నవి. ప్రైవేటు పైలట్ లైసెన్సు చేతికి వచ్చిన కొత్తలో అందరికీ ఇలాంటి చోట దిగాలన్న ఉబలాటం ఉంటుంది. అయితే మనలో చాలామంది శిక్షణ మొదటి నుంచి చివరి దాకా తారు మీదే సాగుతుంది. మెత్తని నేల మీద దిగే పద్ధతిని కూడా సాధారణంగా తారు రన్‌వేనే మెత్తని నేలగా ఊహించుకుని అభ్యాసం చేయిస్తారు, పరీక్షలో కూడా అలాగే చూస్తారు. కాబట్టి లైసెన్సు ఉన్నంత మాత్రాన గడ్డి మీద దిగడం వచ్చినట్టు కాదు. మొదటి కొన్నిసార్లు గడ్డి మీద అలవాటున్న శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దిగడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఈ వ్యాసం సెస్నా 152, 172 వంటి మూడు చక్రాల చిన్న విమానాలు నడిపేవారి కోసం. ఇందులో విమానం నడిపే మెలకువల కంటే నేల గురించిన మాటలే ఎక్కువగా ఉంటాయి. అందుకు కారణం ఉంది. తారు రన్‌వేను ఎవరో కొలిచి, పరీక్షించి, పుస్తకంలో రాసి ఉంచుతారు. గడ్డి రన్‌వే మాత్రం నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు, ఎందుకంటే అది నిజానికి పొలం. వాన పడితే మారుతుంది, ఎండ కాస్తే మారుతుంది, రాత్రికి రాత్రి పందులు వచ్చి పోతే మారుతుంది. ఆ మార్పును దిగేవాడే కనిపెట్టాలి. పల్లెలో పెరిగిన తెలుగువారికి ఈ విషయంలో కొంత ముందంజ ఉంది, కానీ పరాయి దేశంలో అది అక్కరకు వస్తుందని చాలామందికి తోచదు.

నల్లరేగడి, గరిక, పల్లేరు

డల్లాస్ చుట్టుపక్కల నుంచి శాన్ ఆంటోనియో దాకా పరచుకున్న నేలను బ్లాక్‌ల్యాండ్ ప్రేరీ అంటారు. ఆ నల్లమన్నుకూ మన నల్లరేగడికీ తేడా చాలా తక్కువ. నేలల శాస్త్రంలో రెండూ వర్టిసాల్ అనే ఒకే వర్గానికి చెందినవి. నల్లరేగడి గుణం తెలిసినవారికి మిగతాది వేరే చెప్పనక్కరలేదు. వాన పడితే ఉబ్బి జిగటవుతుంది, కాలికి, చక్రానికి అంటుకుంటే ఊడదు. ఎండలు ముదిరితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. ఇలాంటి నేల మీద రన్‌వేకు రెండు వేర్వేరు ప్రమాద కాలాలు ఉంటాయి. వానల తర్వాత చక్రం దిగబడుతుంది. ఎండాకాలం చివర నెర్రెలు, గట్టిపడిన గాడులు విమానం ముందున్న ముక్కు చక్రాన్ని పట్టుకుంటాయి. వీటిలో రెండోదే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే నేల పైకి రాయిలా గట్టిగా కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. తడిగా ఉన్నప్పుడు ట్రాక్టరు నడిచిన గాడి ఎండిన తర్వాత ఇటుక అంచులా నిలబడుతుంది. దాని పైన గడ్డి పెరిగితే గాలిలో నుంచి కనిపించే ప్రశ్నే లేదు.

వాన పడ్డాక రైతు దుక్కికి పదును చూసినట్టే పైలట్ కూడా పదును చూడాలి, అయితే తీర్పు తలకిందులుగా ఉంటుంది. నాగలికి అనువుగా ఉన్న నేల విమానానికి పనికిరాదు. బూటు మడమతో గట్టిగా పొడిచి చూస్తే చాలావరకు తేలిపోతుంది. మడమ గుర్తు లోతుగా పడితే అక్కడ దిగాలన్న ఆలోచన మానుకోవడం మంచిది. పరీక్ష ఒక్క చోట చేస్తే చాలదు. రన్‌వే మధ్యలో పల్లపు ప్రదేశాలు, పక్క పొలం నీరు దాటే చోట్లు, చెట్ల నీడ పడే అంచులు మిగతా నేల ఆరిపోయిన తర్వాత కూడా రోజుల తరబడి తడిగా ఉంటాయి. చివరి వాన ఎప్పుడు పడిందన్నది ఎంత ముఖ్యమో, ఎంత పడింది, ఆ తర్వాత ఎండ కాసిందా లేదా అన్నవీ అంతే ముఖ్యం.

ఇక్కడి చాలా రన్‌వేల మీద ఉండేది బెర్ముడా గడ్డి. పేరు కొత్తగా ఉన్నా అది మన గరికే. నేలను అల్లుకుని పాకుతుంది, వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతుంది, తొక్కుడును తట్టుకుంటుంది కాబట్టి రన్‌వేకు ఇంతకంటే అనువైన గడ్డి దొరకదు. చిక్కు దాని ఎత్తుతోనే. గడ్డి ఎత్తు చక్రం వ్యాసంలో 30 శాతానికి మించకూడదన్నది గడ్డి మీద దిగేవారు పాటించే పాత లెక్క. సెస్నా 172 ముక్కు చక్రం వ్యాసం సుమారు 14 అంగుళాలు కాబట్టి, 4 అంగుళాలు దాటిన గడ్డిని అనుమానించాలి. ఎత్తయిన గడ్డి దిగేటప్పుడు విమానాన్ని ఆపుతుంది కాబట్టి మంచిదే కదా అనిపించవచ్చు. అయితే అదే గడ్డి తిరిగి ఎగిరేటప్పుడు వేగం పుంజుకోనివ్వదు, పైగా గుంటలను, రాళ్లను దాచిపెడుతుంది.

పల్లేరును కూడా ఇక్కడ మరచిపోకూడదు. అమెరికాలో గోట్‌హెడ్ అని పిలిచే ముళ్లకాయ మన పల్లేరుకాయే, మొక్క కూడా అదే. సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ చెట్టు ముళ్లు కూడా రన్‌వే అంచుల్లో రాలి ఉంటాయి. విమానం టైరు మందం చూసి ఇవేం చేస్తాయిలే అనుకుంటే పొరపాటు. దిగినప్పుడు గుచ్చుకున్న ముల్లు గంటా రెండు గంటల తర్వాత, తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యే వేళకు తన పని పూర్తిచేసి ఉంటుంది. అందువల్ల టైర్లను దిగిన వెంటనే ఒకసారి, ఎగరబోయే ముందు మరోసారి చేత్తో తడిమి చూడాలి.

జంతువుల విషయం. జింకలు తెల్లవారుజామున, సంధ్యవేళ మేతకు వస్తాయి. రన్‌వే పక్కన మొక్కజొన్న నిలువెత్తున ఉంటే అవి అందులో నుంచి ఎప్పుడు బయటికి వస్తాయో చెప్పలేము. పశువులు కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటితో బాధ తక్కువ. నా దృష్టిలో టెక్సాస్ రన్‌వేకు అన్నిటికంటే పెద్ద శత్రువు అడవి పంది. ఒక మంద ఒక్క రాత్రిలో ముట్టెలతో నేలను పెళ్లగించి, దుక్కి దున్నినట్టు చేసి పోగలదు. నిన్న బాగుందని యజమాని నమ్మకంగా చెప్పిన రన్‌వే ఇవాళ ఉదయం అలా ఉండకపోవచ్చు. గోఫర్లు, ఆర్మడిల్లోలు తవ్విన బొరియలు, ఫైర్ యాంట్స్ అని పిలిచే ఎర్ర చీమల పుట్టలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఎండిన చీమల పుట్ట చూడటానికి మట్టి కుప్పలా ఉన్నా, వేగంగా వచ్చే ముక్కు చక్రానికి అది రాయితో సమానం.

ముక్కు చక్రం గురించి ఇన్నిసార్లు చెప్పడానికి కారణం ఉంది. మూడు చక్రాల చిన్న విమానాలలో ప్రొపెల్లర్ కొనకూ నేలకూ మధ్య కనీసం 7 అంగుళాల ఎడం ఉండాలన్నది 2017 వరకు ఉన్న అమెరికా నిర్మాణ నియమం. చెప్పుకోవడానికి అది జానెడు కూడా లేదు. చక్రం గుంటలో పడి, దాని పైనున్న, కుదుపును తట్టుకునే స్ట్రట్ అదే క్షణంలో నొక్కుకుపోతే ఆ ఎడం కాస్తా పోతుంది. ప్రొపెల్లర్ నేలను తాకితే బయటికి రెక్క కొస వంగినంతే కనిపించినా, లోపల క్రాంక్‌షాఫ్ట్ దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి ఇంజిన్ విప్పి పరీక్షించాల్సి వస్తుంది. ఒక పిడికెడు గుంట విమానాన్ని నెలల తరబడి షెడ్డుకు పరిమితం చేస్తుందన్నది ఇందుకే.

బయలుదేరే ముందు

అమెరికా విమానయాన పటాలలో తారు లేదా కాంక్రీటు లేని రన్‌వేను ఖాళీ వలయంగా చూపిస్తారు. వలయంలో ఆర్ అక్షరం ఉంటే అది ప్రైవేటు స్థలమని, యజమాని అనుమతి లేకుండా దిగకూడదని అర్థం. అనుమతి కోసం చేసే ఫోను మర్యాదకు మాత్రమే కాదు, మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే విలువైన సమాచారం అక్కడే దొరుకుతుంది. రన్‌వే బాగుందా అని అడిగితే బాగుందనే జవాబు వస్తుంది, అందువల్ల ఉపయోగం లేదు. చివరిసారి ఎప్పుడు గడ్డి కోశారు, కోసిన గడ్డి చుట్టలు రన్‌వే పక్కనే ఉన్నాయా, ఏ వైపు నుంచి దిగుతారు, ఎందుకు, కరెంటు తీగలు ఎటు వైపు ఉన్నాయి, వాన పడితే నీరు ఎక్కడ నిలుస్తుంది అని విడివిడిగా అడగాలి. చివరిగా, మీరు నడిపే రకం విమానం అక్కడ ఎప్పుడైనా దిగిందా అని అడగాలి. యజమాని దగ్గర పెద్ద టైర్ల సూపర్ కబ్ విమానం ఉంటే, ఆయన బాగుందన్న మాట దాని చక్రాల లెక్కలో చెప్పిన మాట. ఆ నేల మీ చిన్న టైర్లను భరిస్తుందని ఆ మాటకు అర్థం కాదు.

అద్దె విమానం అయితే ఒప్పంద పత్రం తెరిచి చూడాలి. గడ్డి మీద దిగడాన్ని పూర్తిగా నిషేధించే శిక్షణ సంస్థలు, క్లబ్బులు చాలా ఉన్నాయి, ఆ షరతు తరచుగా బీమాతో ముడిపడి ఉంటుంది. ఆ పత్రాన్ని ఇంతవరకు చదవలేదన్న సంగతి ప్రమాదం జరిగిన తర్వాత గుర్తుకు రావడం కంటే ముందే గుర్తుకు రావడం నయం.

వీలైతే మొదటిసారి విమానంలో కాకుండా కారులో వెళ్లి చూడాలని నేను గట్టిగా చెబుతాను. యజమాని ఒప్పుకుంటే రన్‌వే పొడవునా గంటకు 30 మైళ్ల వేగంతో కారు నడిపితే, ఎత్తెత్తి వేయకుండా ఉంటే నేల చదును గురించి ఒక అంచనా వస్తుంది. ఆ తర్వాత దిగి, ఒక అంచున వెళ్లి మరో అంచున తిరిగి నడవాలి. ఈ నడక అరగంట పని. దీన్ని అనవసరమనుకునేవారిలో నేనూ ఒకప్పుడు ఉన్నాను. ఒక రన్‌వే మీద చక్కగా దిగి, విమానం నిలిపే చోటుకు పోతూ పక్కకు తిరిగితే ఎడమ చక్రం నల్లమన్నులో సగం దాకా దిగబడింది. రన్‌వే గట్టిగానే ఉంది. మోసం చేసింది దాని పక్కనున్న పల్లం. కాబట్టి నడిచేటప్పుడు రన్‌వేతో పాటు విమానం తిప్పే చోటు, నిలిపే చోటు కూడా చూడాలి.

చక్రాల మీద తొడుగులు ఉన్న విమానమైతే, తడి నేలకు వెళ్లేటప్పుడు వాటిని విప్పించడం మంచిది. జిగట మట్టి, గడ్డి తొడుగు లోపల కూరుకుపోతే చక్రం తిరగడం కష్టమవుతుంది.

పొడవు లెక్క

ఒకే రన్‌వే తడిని బట్టి ఎలా మారిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. సెస్నా 152 హ్యాండ్‌బుక్ ప్రకారం సముద్ర మట్టం దగ్గర, 30 డిగ్రీల ఎండలో, గాలి లేనప్పుడు, 50 అడుగుల ఎత్తున్న అడ్డంకి మీదుగా వచ్చి దిగి ఆగడానికి తారు మీద 1,240 అడుగులు కావాలి. అందులో నేల మీద పరుగు 500 అడుగులు. పొడి గడ్డి అయితే నేల మీద పరుగులో 45 శాతం అదనంగా కలపమని అదే పుస్తకం చెబుతుంది. అంటే 225 కలిపి 1,465 అడుగులు. ఇవి కొత్త విమానంతో, చేయి తిరిగిన పైలట్ సాధించిన అంకెలు. మన టైర్లు, బ్రేకులు, చేతులు అంత కొత్తవి కావు కాబట్టి బ్రిటన్ విమానయాన సంస్థ సూచించే 1.43 రక్షణ గుణకాన్ని వాడటం నాకు అలవాటు. అప్పుడు దాదాపు 2,100 అడుగులు అవుతుంది. 2,500 అడుగుల రన్‌వే ఉంటే నిశ్చింతగా దిగవచ్చు.

అదే గడ్డి తడిసి ఉంటే హ్యాండ్‌బుక్ మౌనంగా ఉంటుంది. బ్రిటన్ సంస్థ మాత్రం తడి గడ్డికి తారు మీది దూరాన్ని 1.35తో గుణించమంటుంది. రక్షణ గుణకం కూడా వేస్తే 2,394 అడుగులు తేలుతుంది. 2,500 అడుగుల రన్‌వేలో మిగిలేది నూటికి కాస్త పైన, అంటే ఏమీ మిగలనట్టే. ఇక గట్టి నేల మీద బాగా పొట్టిగా కోసిన గడ్డి తడిగా ఉంటే దూరం 60 శాతం వరకు పెరగవచ్చని హెచ్చరిక ఉంది. అప్పుడు 1,240 కాస్తా 1,984 అయి, రక్షణ గుణకంతో 2,800 అడుగులు దాటిపోతుంది. పొట్టిగా, పచ్చగా, తివాచీలా ఉన్న రన్‌వేను చూసి ముచ్చటపడతాం కానీ, మంచు పడిన ఉదయం అన్నిటికంటే ఎక్కువగా జారేది అదే. అక్కడ బ్రేకు తొక్కితే చక్రం ఆగుతుంది, విమానం ఆగదు.

వాలు, గాలి, బరువు వీటికి తోడవుతాయి. 2 శాతం పల్లం వైపు దిగితే దూరం సుమారు 10 శాతం పెరుగుతుంది. వీటిని ఒకదానికొకటి కూడకూడదు, గుణించాలి. వేగం సంగతి అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే నేల మీద పరుగు వేగానికి వర్గంగా పెరుగుతుంది. సెస్నా 152ను 54 నాట్లకు (నాట్ అంటే విమాన వేగానికి కొలత) బదులు 60 నాట్లతో తెస్తే, తేడా 6 నాట్లే అయినా నేల మీద పరుగు దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. భయంతో నాలుగు నాట్లు, ప్రయాణికుల కోసం రెండు నాట్లు అని కలుపుకుంటూ పోయే అలవాటు తారు మీద చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

దిగగలిగిన చోటి నుంచి ఎగరగలమన్న నమ్మకం లేదని కూడా గుర్తుంచుకోవాలి. అదే 30 డిగ్రీల ఎండలో అదే విమానం 50 అడుగుల అడ్డంకిని దాటి ఎగరడానికి, దిగడానికి పట్టినదానికంటే ఎక్కువ దూరం తీసుకుంటుంది. 1,000 అడుగుల ఎత్తున్న రన్‌వే మీద 30 డిగ్రీల వేడి ఉంటే, విమానానికి అది 3,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే అనిపిస్తుంది. ఇడాహో కొండల్లోని జాన్సన్ క్రీక్ వంటి చోట, 3,400 అడుగుల పొడవున్న చక్కని గడ్డి రన్‌వే ఉన్నా, అది దాదాపు 4,900 అడుగుల ఎత్తున ఉండటం వల్ల వేసవి మధ్యాహ్నం బలహీనమైన విమానాలకు అది సరిపోకపోవచ్చు. ఉదయం చల్లగా ఉంటుంది కానీ గడ్డి మీద మంచు ఉంటుంది. మధ్యాహ్నం గడ్డి ఆరుతుంది కానీ గాలి పలచబడుతుంది, సుడులు లేస్తాయి. ఈ రెంటి మధ్య, మంచు ఆరి ఎండ ఇంకా ముదరని పది గంటల ప్రాంతం వేసవిలో నాకు నచ్చిన సమయం.

పైనుంచి చూడటం, దిగడం

అక్కడికి చేరాక నేరుగా దిగకూడదు. రన్‌వేను ఎడమ పక్కన, అంటే మీ కిటికీ వైపు ఉంచుకుని, దూరం పాటిస్తూ ఒకసారి పొడవునా ఎగరాలి. గాలి సంచి ఎటు ఊగుతోంది, పశువులు ఉన్నాయా, రంగు మారిన మచ్చలు ఉన్నాయా అన్నవి చూడాలి. చుట్టూ ఎండిన గడ్డి మధ్య ఒకచోట మాత్రమే ముదురు పచ్చగా ఉంటే అక్కడ నీరు ఉన్నట్టు. కరెంటు తీగలు గాలిలో నుంచి కనిపించవు, వాటి కోసం వెతకడం వృథా. స్తంభాల కోసం వెతకాలి. రన్‌వే కొసన ఊరి రోడ్డు ఉంటే దాని పక్కన స్తంభాలు ఉన్నాయనే అనుకోవాలి. పొలంలోని బావి మోటారుకు, కొట్టానికి వెళ్లే తీగ ప్రధాన లైను నుంచి అడ్డంగా చీలుతుంది, చాలామంది దాన్ని గమనించరు. సెంటర్ పివట్ అనే పొడవాటి నీటిపారుదల యంత్రం ఇవాళ ఏ వైపు తిరిగి ఉందో కూడా చూసుకోవాలి.

పటంలో వేరే ఫ్రీక్వెన్సీ ఇవ్వని ఇలాంటి చోట్ల 122.9 మీద మీ స్థానం చెబుతూ ఉండాలి. అయితే జవాబు రాలేదంటే ఎవరూ లేరని కాదు. నియంత్రణ లేని గగనతలంలో రేడియో తప్పనిసరి కాదు కాబట్టి, మందు చల్లే విమానం ఒకటి పంట మీద నుంచి లేచి, మీ ఎదురుగా అవతలి కొస నుంచి దిగుతూ ఉండవచ్చు. కళ్లనే నమ్ముకోవాలి.

ఫైనల్ మీదికి, అంటే రన్‌వేకు నేరుగా ఎదురుగా దిగే చివరి దారిలోకి వచ్చాక కళ్లు కూడా మోసం చేస్తాయి. తారు రన్‌వే వెడల్పుకు అలవాటుపడిన కంటికి 40, 50 అడుగుల వెడల్పున్న గడ్డి పట్టీ దూరంగా, కిందుగా కనిపిస్తుంది. ఎత్తులో ఉన్నామనుకుని మరీ కిందికి వచ్చేస్తాం, అప్పుడే చెట్లు, తీగలు ఎదురవుతాయి. రన్‌వే ముందుకు ఎగువగా వాలి ఉన్నా ఇదే పొరపాటు జరుగుతుంది. దిగువగా వాలి ఉంటే తారుమారై, మరీ ఎత్తుగా వచ్చి సగం రన్‌వే దాటాక నేల తాకుతాం. దారి చూపే దీపాలు ఏవీ ఉండవు కాబట్టి ఎత్తుకు, వేగానికి మీటరునే ప్రమాణంగా తీసుకోవాలి. చెట్ల వరుస వెనక గాలి తిరగబడి సుడులు కడుతుంది. గాలి సంచి చెట్ల చాటున ఉంటే అది చూపించే గాలి మీరు ఎదుర్కోబోయే గాలి కాకపోవచ్చు. చెట్ల పై అంచు దాటి కిందికి రాగానే ఎదురుగాలి ఒక్కసారిగా ఆగిపోతే విమానం కూలబడినట్టవుతుంది, అందుకు చేయి ఇంజిన్ శక్తి పెంచే త్రోటిల్ మీద సిద్ధంగా ఉండాలి.

ఎక్కడ నేల తాకాలో, ఎక్కడికల్లా తాకకపోతే మళ్లీ పైకి లేవాలో పైనుంచి చూసినప్పుడే ఒక చెట్టునో, తెల్ల రంగు టైరునో గుర్తుపెట్టుకోవాలి. మొదటి మూడో వంతు దాటేలోపు చక్రాలు నేల మీద నిలవకపోతే వెంటనే గో-అరౌండ్ చేయాలన్నది నా నియమం. అటు కొసన కొండో, ఎత్తయిన చెట్లో ఉన్న రన్‌వే అయితే ఆ నిర్ణయం ఇంకా ముందే, ఫైనల్ మీద ఉండగానే జరిగిపోవాలి.

నేల తాకే క్షణంలో త్రోటిల్ పూర్తిగా మూయకుండా కొద్దిగా శక్తి ఉంచి, వెనకనున్న రెండు పెద్ద చక్రాలను మెత్తగా ఆనించాలి. ఆ తర్వాత విమానం ముక్కును ఎత్తే, దించే యోక్‌ను క్రమంగా వెనక్కి లాగుతూ, ముక్కు చక్రం తనంతట తాను దిగేదాకా దాన్ని గాలిలోనే పట్టి ఉంచాలి. అది దిగిన తర్వాత కూడా యోక్‌ను ముందుకు వదలకూడదు. బ్రేకును వీలైనంతవరకు తాకకూడదు. బ్రేకు వేస్తే బరువంతా ముక్కు చక్రం మీదికి వస్తుంది, తడి గడ్డి మీద అయితే జారుడు కూడా మొదలవుతుంది. పొడవు లెక్క సరిగా వేసుకున్నవారికి బ్రేకు అవసరం అరుదుగా వస్తుంది. ఇక నేల మెత్తగా ఉందని తెలిసిన చోట ఎక్కడా ఆగకూడదు. విమానం కదులుతూ ఉన్నంతసేపు తేలిగ్గా పోతుంది, ఆగితే దిగబడుతుంది. మలుపులు వెడల్పుగా తీసుకుని, గట్టి నేల మీదికి వచ్చాకే నిలపాలి.

దిగబడితే ఇంజిన్ శక్తితో బయటికి లాగాలని చూడకూడదు. ప్రొపెల్లర్ రాళ్లను, మట్టిని పైకి పీల్చుకుంటుంది, ముక్కు చక్రం ఇంకా లోతుకు పోతుంది. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, ఆ తర్వాతే అందరూ దిగి తోయాలి. ఇంజిన్ నడుస్తుండగా ఎవరినీ తోయడానికి దింపకూడదు, ఎంత తొందర ఉన్నా సరే.

నిలిపిన తర్వాత

ఎండాకాలం ఎండిన పొడుగాటి గడ్డి మీద విమానాన్ని నిలపకూడదు. వేడెక్కిన బ్రేకులు, ఎగ్జాస్ట్ గొట్టం గడ్డికి నిప్పు పెట్టగలవు. కోసిన చోటునో, మట్టి కనిపించే చోటునో వెతకాలి. పశువులు తిరిగే చోట రాత్రి ఉంచాల్సి వస్తే విమానం చుట్టూ కంచె ఉండాలి. ఆవుకు రెక్క అంచు వీపు గోక్కోవడానికి చక్కని కర్ర, అల్యూమినియం రేకు దాని బరువుకు ఆగదు. వేగం మీటరుకు గాలి అందించే పీటో గొట్టానికి తొడుగు గంటసేపటికైనా వేయాలి. టెక్సాస్‌లో మట్టి గూళ్లు కట్టే కందిరీగలకు అలాంటి రంధ్రాలంటే మహా ఇష్టం, ఆ గూడు సంగతి ఎగిరేటప్పుడు వేగం మీటరు కదలకపోతే గానీ తెలియదు.

తిరిగి బయలుదేరే ముందు ప్రొపెల్లర్ అంచులను, టైర్లను, బ్రేకుల దగ్గర ఇరుక్కున్న గడ్డిని, తోక కింది భాగాన్ని చూసుకుని, మీ చక్రాలు చేసిన గాడులు ఏవైనా ఉంటే కాలితో తొక్కి చదును చేయాలి. వర్షం తర్వాత వదిలేసిన ఆ గాడే ఎండితే తర్వాత వచ్చేవారికి ఇటుక అంచవుతుంది. చదును కానంత లోతుగా ఉంటే, ఏ కొస నుంచి ఎన్ని అడుగుల దూరంలో, ఏ అంచున ఉందో యజమానికి ఫోను చేసి చెప్పి, వచ్చేటప్పుడు తెరిచిన గేటును మూసి వెళ్లాలి.